క్యాన్సర్ సంగతి దాచమంటున్నారు... హోమ్ లోన్ కోసం దాచాలా?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 41. ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు. 2019 చివర్లో రొమ్ములో గడ్డ బయటపడింది, రెండో దశ క్యాన్సర్ అన్నారు. సర్జరీ, కీమో, రేడియేషన్ అన్నీ 2020 ఆగస్టుకల్లా పూర్తయ్యాయి. టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర మాత్రం ఇంకా వేసుకుంటున్నారు. ఏటా తీయించే మామోగ్రామ్‌లో తేడా ఏమీ లేదు. వైద్యం జరిగిన రోజుల్లో ఆఫీసు ఇన్సూరెన్స్ మూడు లక్షలూ అయిపోతే మిగతా ఖర్చుకు క్రెడిట్ కార్డు వాడారు, పర్సనల్ లోన్ తీసుకున్నారు. ఆ ఏడాది మూడు ఈఎంఐలు తప్పాయి. కార్డు బాకీ కొంత తగ్గించుకుని సెటిల్ చేసుకున్నారు.

ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి 52 లక్షల ఫ్లాట్‌కు 40 లక్షల హోమ్ లోన్ అడిగారు. బ్యాంకు వాళ్లు లోన్ కాగితాలతో పాటు ఇన్సూరెన్స్ ఫారం కూడా చేతిలో పెట్టారు. ప్రీమియం లక్షా అరవై వేలు, అదీ లోన్‌లోనే కలుపుతారట. క్యాన్సర్ వచ్చిందా అన్నచోట ఈమె ఉన్నది ఉన్నట్టు రాశారు. వారం తర్వాత 'మీకు ఇన్సూరెన్స్ రాదు, అది లేకపోతే పైవాళ్లు లోన్ ఒప్పుకోరు' అన్నారు. నోటిమాటే, కాగితం లేదు. అదే బ్రాంచిలో కూర్చునే ఇన్సూరెన్స్ ప్రతినిధి పక్కకు పిలిచి, 'కొత్త ఫారం ఇస్తాను, అన్నిటికీ నో అని టిక్ పెట్టేయండి. మూడేళ్లు దాటితే ఎవరూ అడగరు' అన్నాడు. భర్త అలాగే చేద్దామంటున్నారు. డబ్లిన్‌లో ఉన్న ఆడపడుచు మాత్రం, 'ఇక్కడ ఏడేళ్లు దాటితే పాత క్యాన్సర్‌ను లెక్కలోకి తీసుకోకూడదని చట్టం ఉంది. అక్కడా ఉండే ఉంటుంది, కేసు వెయ్యి వదినా' అంటోంది. ఫ్లాటుకు రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశారు. అగ్రిమెంటు గడువు ఇంకా రెండు నెలలే. దాచాలా, కేసు వేయాలా, ఫ్లాటు వదులుకోవాలా అని అడుగుతున్నారు. ఉద్యోగం పోతే హెల్త్ ఇన్సూరెన్స్ గతేమిటన్న భయమూ చివర్లో రాశారు.

సమాధానం:

మీ ఉత్తరంలో లోన్, ఇన్సూరెన్స్ ఒకటే అన్నట్టుగా ఉంది. బ్రాంచిలో మీకు అలాగే చెప్పారు కాబట్టి అది మీ పొరపాటు కాదు. కానీ ఈ రెంటినీ విడదీస్తే తప్ప మీ చిక్కు వీడదు. లోన్ ఇచ్చేది బ్యాంకు. చూడాల్సింది మీ ఇద్దరి ఆదాయం, సిబిల్ రికార్డు (పాత అప్పులు ఎలా కట్టారన్న చిట్టా), ఫ్లాటు కాగితాలు. ఇన్సూరెన్స్ ఇచ్చేది వేరే కంపెనీ. మీ ఆరోగ్యం చూసేది అది. ఇన్సూరెన్స్ కంపెనీ కాదన్నంత మాత్రాన బ్యాంకు కూడా కాదనాలని ఎక్కడా లేదు. హోమ్ లోన్ తీసుకునేవాళ్లు ప్రాణానికి ఇన్సూరెన్స్ చేయించి తీరాలని రిజర్వు బ్యాంకు గానీ, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గానీ నిబంధన పెట్టలేదు. ఫ్లాటుకు అగ్నిప్రమాదం లాంటి వాటికి బీమా చేయించమని బ్యాంకు అడగొచ్చు, తాకట్టు పెట్టుకునేది ఆ ఆస్తినే కాబట్టి అది సబబే. మీ ప్రాణానికి చేయించే బీమా సంగతి వేరు. అది మీ ఇష్టం.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. లోన్ ఆగింది క్యాన్సర్ వల్లేనని మీరు అనుకుంటున్నారు. కార్డు సెటిల్‌మెంట్ వల్ల కూడా ఆగి ఉండొచ్చు. సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అన్న మాట కనిపిస్తే చాలా బ్యాంకుల్లో ఫైలు అక్కడే ఆగుతుంది. ఆ సంగతి ఇంకెవరో చూసి కిందికి చెబితే, బ్రాంచిలో వాళ్లకు చెప్పడానికి ఇన్సూరెన్స్ కారణం తేలికగా దొరికి ఉంటుంది. అసలు కారణం ఏదో తెలియకుండా మీరు ఏ దారి పట్టినా గుడ్డిగా పట్టినట్టే. అందుకే ముందు కారణాన్ని కాగితం మీద రాబట్టండి.

ఇది అడగడానికి మీకు హక్కుంది. ఎంత మొత్తం లోన్ అయినా సరే, దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ 2007 నుంచీ చెబుతోంది. బ్రాంచికి ఈమెయిల్ పెట్టండి, కాగితం మీద ఇస్తే కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఇంతకు మించి రాయక్కర్లేదు:

'ఫలానా తేదీన ఫలానా నంబరుతో హోమ్ లోన్‌కు దరఖాస్తు చేశాం. ఇన్సూరెన్స్ లేకుండా మంజూరు కాదని బ్రాంచిలో నోటిమాటగా చెప్పారు. దరఖాస్తు తిరస్కరించి ఉంటే ముఖ్య కారణాలు రాసివ్వండి. ఇన్సూరెన్స్ తప్పనిసరి అనే నిబంధన మీ బ్యాంకులో ఉంటే దాని కాపీ ఇవ్వండి. లేకపోతే, ఇన్సూరెన్స్ లేకుండానే మా దరఖాస్తును పరిశీలించండి.'

ఈ ఉత్తరంలో క్యాన్సర్ అన్న మాట రాయలేదు, గమనించండి. అక్కడ దాని అవసరం లేదు. మీ బయాప్సీ రిపోర్టులు లోన్ ఫైల్లో పెట్టమని ఎవరైనా అడిగితే, అవి ఇన్సూరెన్స్ కంపెనీకి నేరుగా పంపుతామని చెప్పండి.

ఇలాంటి ఉత్తరం అందాక చాలా చోట్ల మాట మారుతుంది. ఇన్సూరెన్స్ తప్పనిసరి అని రాసి సంతకం పెట్టడానికి బ్రాంచి వాళ్లు సాధారణంగా ముందుకు రారు. ఇన్సూరెన్స్ తీసుకోనివాళ్లకు కొన్ని బ్యాంకులు వడ్డీ ఓ 0.05 శాతం ఎక్కువ వేస్తాయి. అలా అంటే కంగారు పడొద్దు. మీ 40 లక్షలకు, ఇరవై ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతం దగ్గర లెక్కేస్తే అది నెలకు సుమారు 127 రూపాయలు. దాని పక్కన వాళ్లు లోన్‌లో కలుపుతామన్న లక్షా అరవై వేల ప్రీమియం పెట్టి చూడండి. అదే వడ్డీకి ఈఎంఐ నెలకు దాదాపు 1,390 పెరుగుతుంది. ఇరవై ఏళ్లూ కడితే 3 లక్షల 33 వేల పైమాటే. ఈ లెక్క మీవారికి కూడా చూపించండి.

కారణం సిబిల్ అని తేలితే పని వేరే ఉంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని చూడండి. కార్డు కంపెనీ అప్పట్లో వదిలేసిన మొత్తం ఎంతో కనుక్కుని, చేతనైతే అది కట్టేసి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, 'సెటిల్డ్' బదులు 'క్లోజ్డ్' అని మార్పించమని రాసివ్వండి. రిపోర్టులో తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, లేటయితే రోజుకు వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈఎంఐలు తప్పిన నెలలూ మీ వైద్యం జరిగిన నెలలూ ఒకటేనని చూపిస్తూ బ్యాంకుకు ఒక లేఖ ఇవ్వొచ్చు. ఫైలు చేత్తో చూసే అధికారికి అది నిజంగా ఉపయోగపడుతుంది, ఎగ్గొట్టే మనుషులు కాదని తెలుస్తుంది. కానీ అలా చేస్తే క్యాన్సర్ సంగతి లోన్ ఫైల్లోకి ఎక్కినట్టే. ఇవ్వాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. కారణం సిబిలేనని రాతలో వస్తే ఇవ్వమంటాను, లేకపోతే ఆగమంటాను.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు సమ్మతం కాకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఖర్చేమీ ఉండదు. ఎలా వెళ్లాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. అయితే చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. 'నాకు లోన్ ఇవ్వలేదు' అని రాస్తే ఫిర్యాదు మొదట్లోనే కొట్టేస్తారు. ఎవరికి అప్పివ్వాలన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాంట్లో ఓంబుడ్స్‌మన్ తలదూర్చరు. 'ఇన్సూరెన్స్ కొంటేనే లోన్ అన్నారు, తిరస్కరణకు కారణం రాసివ్వమంటే ఇవ్వలేదు' అని రాయండి. అది సేవాలోపం కిందికి వస్తుంది. మీ ఈమెయిల్ కాపీ, స్టాంపు వేసిన ఉత్తరం అప్పుడు అక్కరకొస్తాయి.

గడువు రెండు నెలలే కాబట్టి ఈ ఒక్క బ్యాంకునే నమ్ముకుని కూర్చోవద్దు. ఈ జవాబు కోసం చూస్తూనే ఇంకో బ్యాంకులో అడగండి. ఒకటి, మహా అయితే రెండు చోట్ల. అయిదారు చోట్ల ఒకేసారి దరఖాస్తు పెడితే ప్రతి ఎంక్వయిరీ సిబిల్‌లో పడి స్కోరు తగ్గుతుంది. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు హోమ్ లోన్లకు ఆస్తి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు పరిమితి ఉంది. 52 లక్షలకు అది 41 లక్షల 60 వేలు, మీరు అడిగింది దాని లోపే. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇందులోకి రావు, అవి చేతి నుంచే పెట్టుకోవాలి. బిల్డర్‌తో మాట్లాడి అగ్రిమెంటు గడువు ఇంకో నెలో రెండు నెలలో పెంచుతున్నట్టు ఇప్పుడే రాయించుకోండి. గడువు దాటాక అడిగితే అడ్వాన్సు ఆయన చేతిలో ఉంటుంది, మాటా ఆయనదే అవుతుంది.

ఇక అసలు ప్రశ్న, దాచడం. ఆ ప్రతినిధి చెప్పిన మూడేళ్ల మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. 1938 ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45, 2015 సవరణ తర్వాత, జీవిత బీమా పాలసీని మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని చెబుతోంది. అతను మింగేసింది ఆ మూడేళ్ల లోపు సంగతి. మూడేళ్లలోపు జరగరానిది జరిగితే కంపెనీ మొదట తెప్పించేది హాస్పిటల్ రికార్డులు. మీ వైద్యం ఖర్చులో మూడు లక్షలు 2019, 2020ల్లో ఆఫీసు ఇన్సూరెన్స్ నుంచే వచ్చాయి, అంటే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఆ వివరాలు ఇప్పటికే ఉన్నాయి. తెలిసీ 'నో' అని టిక్ పెడితే అది పొరపాటుగా రాసినదాని కిందికి రాదు, మోసం కిందికి వస్తుంది. పొరపాటైతే కనీసం కట్టిన ప్రీమియం 90 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, మోసమని రుజువైతే అదీ ఉండదు. పైగా ఆ మూడేళ్లు ఫారం నింపిన రోజు నుంచి లెక్క కాదు. పాలసీ ఇచ్చిన తేదీ, రిస్కు మొదలైన తేదీ, ఆగిన పాలసీని మళ్లీ బతికించిన తేదీ, రైడర్ (అదనపు కవర్) కలిపిన తేదీ, వీటిలో ఏది ఆఖరిదైతే అక్కణ్నుంచి. రేపు టాప్-అప్ లోన్‌తో కొత్త పాలసీ తీసుకుంటే దానికి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

అంటే ఆ ప్రతినిధి చెప్పినట్టు చేస్తే మొదటి మూడేళ్లూ మీ ఇంటికి ఏ రక్షణా ఉండదు. లక్షా అరవై వేలు అప్పు చేసి కొన్న కాగితం మాత్రం ఉంటుంది. మీరు లేకపోతే మీవారు ఒక్క జీతంతో ఈఎంఐ కడుతూ, కొట్టేసిన క్లెయిమ్ కోసం కంపెనీ చుట్టూ తిరగాలి. ఆ రోజు ఆ ప్రతినిధి ఆ బ్రాంచిలో ఉండడు. ఉన్నా అతను చెప్పింది నోటిమాట, సంతకం మీది. లోన్‌తో అంటగట్టే ఈ పాలసీలు ఎక్కువగా గ్రూపు పాలసీలే, బ్యాంకే మాస్టర్ పాలసీదారు, అంటే అసలు పాలసీ బ్యాంకు పేరు మీదే ఉంటుంది. వాటిలో పెద్ద మెడికల్ పరీక్షలేవీ ఉండవు, 'గుడ్ హెల్త్ డిక్లరేషన్' అనే ఒక్క పేజీ ఉంటుంది. చిన్న అక్షరాల్లో, సంతకం పైన, 'నాకు ఎప్పుడూ క్యాన్సర్, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు రాలేదు, వాటికి వైద్యం చేయించుకోలేదు' అని అచ్చువేసి ఉంటుంది. టిక్ పెట్టాల్సిన గడి కూడా ఉండదు, సంతకం పెడితే ఒప్పుకున్నట్టే. లోన్ కాగితాల కట్టలో యాభై సంతకాల మధ్య ఇది చేయిజారిపోతుంది. కాబట్టి మరో బ్యాంకుకు వెళ్లినా ఈ పేజీ ఉందేమో వెతికి, ఉంటే పక్కన పెట్టండి. ఇప్పటికే ఎక్కడైనా తెలియక సంతకం పెట్టి పాలసీ వచ్చేసి ఉంటే, అది చేతికందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద రద్దు చేసుకోవచ్చు.

ఇదంతా విన్నాక మీవారు అడగబోయేది ఒకటే: 'ఇన్సూరెన్స్ లేకుండా 40 లక్షల అప్పు నెత్తిన పెట్టుకుంటామా?' అది సరైన ప్రశ్నే. ఆయన భయం మీ మీద ప్రేమ లేక కాదు, ఆ అప్పు తలుచుకుని. దానికి కొంచెం కొంచెంగా చాలా చోట్ల నుంచి జవాబు కూడగట్టాలి.

మొదట ఆయన పేరు మీద, బ్యాంకు ద్వారా కాకుండా విడిగా ఒక టర్మ్ పాలసీ (గడువులోపు చనిపోతేనే డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకోండి. లోన్‌తో వచ్చే పాలసీలో కవర్ లోన్‌తో పాటు తగ్గుతూ పోతుంది, డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. విడిగా తీసుకున్నదాంట్లో కవర్ తగ్గదు, డబ్బు నామినీ చేతికొస్తుంది, రేపు లోన్ వేరే బ్యాంకుకు మార్చినా పాలసీ అలాగే ఉంటుంది.

మీ వైపు చూస్తే, మీకు పీఎఫ్ ఉంటే ఈడీఎల్ఐ అనే బీమా దానంతట అదే ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే జీతాన్ని బట్టి కుటుంబానికి 7 లక్షల దాకా వస్తుంది. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న ఉండదు. చాలామందికి ఇది ఉందనే తెలియదు. పీఎఫ్‌లో ఈ-నామినేషన్ పూర్తయిందో లేదో చూసుకోండి. మీ ఆఫీసులో గ్రూప్ టర్మ్ ఇన్సూరెన్స్ ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. వాటిలో 'ఫ్రీ కవర్ లిమిట్' అని ఒకటి ఉంటుంది, ఆ మొత్తం దాకా మెడికల్ ప్రశ్నలు లేకుండానే అందరికీ కవర్ ఇస్తారు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షలు ఇస్తుంది, 50 ఏళ్ల దాకా చేరొచ్చు. చేరే ఫారంలో ఆరోగ్యం గురించి ఏదైనా రాసి ఉంటే దాన్నీ చదివాకే సంతకం పెట్టండి. ఇవన్నీ కలిపినా 40 లక్షలు కావు, నిజమే. కానీ ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌ను ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు కాబట్టి, ఆ ప్రీమియానికి పోయే డబ్బును మొదటి ఏళ్లలో అసలుకే కడుతూ వస్తే మీవారి మీద పడే భారం త్వరగా తగ్గుతుంది.

మీ పేరు మీద సొంత టర్మ్ పాలసీ, నిజం చెప్పి తీసుకోవడం, అసాధ్యమేమీ కాదు, తేలికా కాదు. అండర్‌రైటర్, అంటే కంపెనీలో రిస్కు లెక్కేసి పాలసీ ఇవ్వాలా వద్దా తేల్చే మనిషి, చూసేది దశ, గ్రేడు, లింఫ్ గ్రంథులకు పాకిందా లేదా, వైద్యం ముగిసి ఎన్నేళ్లయింది. మీకు అయిదేళ్లు దాటడం మంచి విషయం. టామోక్సిఫెన్ వాడుతుండటాన్ని మాత్రం కొందరు వైద్యం ఇంకా నడుస్తున్నట్టే లెక్కేసి, అది ఆపాక రమ్మంటారు. ఒప్పుకున్నవాళ్లు కొన్నేళ్లపాటు అదనపు ప్రీమియం వేస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. దాదాపు ప్రతి కంపెనీ ఫారంలో 'ఇంతకుముందు ఏ కంపెనీ అయినా మీ ప్రపోజల్ తిరస్కరించిందా, వాయిదా వేసిందా' అని ఉంటుంది. నాలుగు చోట్ల వేసి నాలుగూ తిరస్కరణలైతే అయిదో ఫారం నింపేటప్పటికే మీరు వెనకబడి ఉంటారు. అందుకని లైసెన్సున్న ఇన్సూరెన్స్ బ్రోకర్‌ను పట్టుకుని, మీ పేరు లేకుండా కేసు వివరాలు మాత్రం రెండు మూడు కంపెనీల అండర్‌రైటర్లకు పంపి, ఏమంటారో ముందు కనుక్కోమనండి. ఏజెంటు ఒక కంపెనీ మనిషి, బ్రోకర్ మీ తరఫు మనిషి. అనుకూలంగా మాట్లాడినచోటే దరఖాస్తు పెట్టండి.

ఇప్పుడు మీ ఆడపడుచు మాట. ఆమె చెప్పింది సగం నిజం. ఐర్లాండ్‌లో 2023 డిసెంబరు నుంచి ఉన్నది ఇన్సూరెన్స్ కంపెనీల సంఘం పెట్టుకున్న ప్రవర్తనా నియమావళి. పార్లమెంటు చేసిన చట్టం కాదు. వైద్యం ముగిసి ఏడేళ్లు దాటితే, 18 ఏళ్ల లోపు వచ్చిన క్యాన్సర్‌కైతే అయిదేళ్లు దాటితే, సొంత ఇంటి లోన్ కోసం తీసుకునే బీమాలో 5 లక్షల యూరోల దాకా దాన్ని లెక్కలోకి తీసుకోబోమని ఒప్పుకున్నారు. ఫారంలో మాత్రం క్యాన్సర్ సంగతి చెప్పాల్సిందే. అక్కడి తెలుగువాళ్లకు ఇంకో సంగతి పనికొస్తుంది. ఐర్లాండ్‌లో హోమ్ లోన్‌కు జీవిత బీమా చట్టప్రకారమే ఉండాలి, కానీ బీమా దొరకనివాళ్లకు, చాలా ఎక్కువ ప్రీమియానికే దొరికేవాళ్లకు మినహాయింపు ఇచ్చే వీలు 1995 చట్టంలోనే ఉంది.

నిజంగా గట్టి చట్టం ఫ్రాన్సుది. 2022లో తెచ్చిన లెమ్వాన్ చట్టం ప్రకారం వైద్యం ముగిసి అయిదేళ్లయి, మళ్లీ రాకపోతే, లోన్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ క్యాన్సర్ గురించి చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కరికి 2 లక్షల యూరోల లోపు, 60వ పుట్టినరోజుకు ముందే తీరిపోయే హోమ్ లోనైతే ఆరోగ్యం ప్రశ్నలే అడగకూడదు. సర్జరీ, కీమో, రేడియేషన్ పూర్తయితే వైద్యం ముగిసినట్టే, హార్మోన్ మాత్రలు నడుస్తున్నా సరే. మీలాంటివాళ్ల కోసమే రాసినట్టుంది ఆ మాట. ఇటలీలో 193 నంబరు చట్టం 2024 జనవరి 2న అమల్లోకి వచ్చింది. మామూలు గడువు పదేళ్లు, 21 ఏళ్ల లోపు వచ్చినదానికి అయిదేళ్లు. రొమ్ము క్యాన్సర్ మొదటి, రెండో దశలకైతే ఏడాదికే తగ్గించారు. లోన్‌కే కాదు, పిల్లల్ని దత్తత తీసుకోవడానికి, ఉద్యోగ పోటీలకు కూడా అది వర్తిస్తుంది.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. అక్కడి చట్టం ఇక్కడ తీసుకున్న లోన్‌కు వర్తించదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో క్యాన్సర్ పేరు లేదు. ఇందులో నాకు బాధ కలిగించేది, ఇలాంటి రక్షణ ఎలా రాయాలో మన పార్లమెంటుకు తెలియక కాదు. 2017 హెచ్‌ఐవీ చట్టం, గణాంక ఆధారం లేకుండా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇన్సూరెన్స్ నిరాకరించడాన్ని వివక్ష అంది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, శరీరానికి వచ్చే జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా ఇవ్వాలంది. క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ల కోసం అంత మాట రాయడానికి అడ్డేమీ లేదు. రాయలేదు, అంతే.

అలాగని కేసు వేయడానికి ఆధారమే లేదని కాదు. ఒకటి కొంటేనే ఇంకొకటి ఇస్తామనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచనం ప్రకారం నిర్బంధ వ్యాపార పద్ధతి. ప్రభుత్వ రంగ సంస్థ ఎల్‌ఐసీ పెట్టే షరతులు న్యాయంగా, సహేతుకంగా ఉండాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, లాయరు లేకపోయినా పర్వాలేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే కొన్ని అక్కడే తేలిపోతాయి. కానీ కమిషన్ తీర్పు మీ రెండు నెలల గడువులో రాదు, వచ్చినా పరిహారం ఇప్పిస్తుందేమో గానీ లోన్ ఇప్పించడం అనుమానమే. ఫ్లాటు కోసమైతే కేసు దారి కాదు. మీకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని వేస్తే మాత్రం సరైన దారే, ఇల్లు కొన్నాక కూడా వేయొచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి మీ భయం సమంజసమే, కానీ అక్కడ నిబంధనలు మీకు మెరుగ్గా ఉన్నాయి. 2024 నుంచి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం) గరిష్ఠంగా 36 నెలలే. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిచాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయకూడదు. మోసానికి ఆ రక్షణ లేదు కాబట్టి ఇక్కడ దాచడం ఎన్నేళ్లకైనా ప్రమాదమే. క్లెయిమ్ చేసుకున్నారని రెన్యువల్ ఆపకూడదు. అందువల్ల ఉద్యోగం మానాల్సి వస్తే, మానేసిన తర్వాత కాదు, నోటీసు పీరియడ్‌లో ఉండగానే ఆఫీసు గ్రూపు పాలసీ నుంచి అదే కంపెనీ సొంత పాలసీకి మారతామని రాసివ్వండి. గ్రూపులో గడిచిన ఏళ్లకు వెయిటింగ్ పీరియడ్‌లో తగ్గింపు అడగండి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ల కోసమే కొన్ని కంపెనీలు అమ్మే పాలసీలూ ఉన్నాయి. తీసుకునే ముందు క్యాన్సర్ తిరగబెడితే కవర్ అవుతుందా, ఎన్ని నెలల తర్వాత అన్న రెండు ప్రశ్నలకు జవాబు పాలసీ డాక్యుమెంట్లోనే చూపించమనండి. కంపెనీ కాదంటే కారణం రాతలో అడగండి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు ఇవ్వండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ ఉన్నారు, 50 లక్షల దాకా తీర్పు ఇస్తారు. క్లెయిమ్ కొట్టేసినప్పుడు ఆ దారి బాగా పనిచేస్తుంది, అసలు పాలసీయే ఇవ్వనప్పుడు అంత బలం ఉండదు.

వీటన్నిటికీ మీకు ఒక ఫైలు కావాలి, అది ఇప్పుడే సిద్ధం చేసుకోండి. దశ, గ్రేడు, లింఫ్ గ్రంథుల సంఖ్య, క్యాన్సర్ రకం తెలిపే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల వివరాలున్న బయాప్సీ రిపోర్టు, సర్జరీ డిశ్చార్జ్ సమ్మరీ, ఏ మందు ఎన్నిసార్లు ఇచ్చారో ఉన్న కీమో చార్టు, రేడియేషన్ ముగిసిన తేదీతో సర్టిఫికెట్, చివరి రెండేళ్ల మామోగ్రామ్‌లు. కీమోలో గుండె మీద ప్రభావం చూపే డాక్సోరూబిసిన్ లాంటి మందు ఉంటే ఇటీవలి 2డీ ఎకో (గుండె స్కాన్) కూడా అడుగుతారు. తర్వాతి చెకప్‌కు వెళ్లినప్పుడు ఆంకాలజిస్టును లెటర్‌హెడ్ మీద ఒక లేఖ అడగండి. అందులో వైద్యం ముగిసిన తేదీ, ప్రస్తుతం జబ్బు ఆనవాళ్లు లేవన్న మాట, టామోక్సిఫెన్ మళ్లీ రాకుండా ముందుజాగ్రత్తగా ఇస్తున్నదేనన్న వివరణ, అది ఎప్పటిదాకా వాడాలో ఉండాలి. చాలామంది డాక్టర్లు 'ఫాలో-అప్‌లో ఉన్నారు' అని ఒక్క ముక్క రాసి ఇస్తారు. అండర్‌రైటర్‌కు అది వైద్యం ఇంకా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. తేదీలతో రాయమని అక్కడే కూర్చుని అడగండి.